నేను కూరిన ఫోమ్ గుంట

మా మనుమరాలు మోటర్‌సైకిల్ మీద గాల్లకు ఎగురుతది. అది ఆమె పని. సర్కస్ కాదు, పిచ్చి కాదు, లగ్గం అయ్యేదాక ఆడుకునే ఆట అసలే కాదు. ఫ్రీస్టైల్ మోటోక్రాస్ అంటరు దాన్ని. ఇనుప ర్యాంప్ మీదికి బండిని జోరుగ తెచ్చి, రెండంతస్తుల ఎత్తు లేచి, అక్కడ చేతులిడిచి, కాళ్లిడిచి, మళ్లా గాల్లనే బండిని దొరికించుకొని అవతలి మట్టిదిబ్బ మీద దిగాలె. ఎవరు ముందొచ్చిండ్రని చూడరు. గాల్ల ఉన్న ఆ కొద్ది సేపట్ల ఏం చేసినవని చూస్తరు.

ఆమె భుజం ఎముక ఎందుకు విరిగిందో మా గల్లీల, మా చర్చి సంఘంల, మా చుట్టాలల్ల తలా ఒక తీరు చెప్తున్నరు. పొగరుతోని విరిగిందని ఒకరు, ఆడపిల్ల చెయ్యని పని చేసినందుకు అని ఒకరు, దేవుడు చెవు మెలివెట్టిండని ఒకరు. అవేం కాదు. విరగ్గొట్టింది నేను. అందుకని నేనే రాస్తున్న.

పంజాగుట్టల బండ్ల సీట్లు కుట్టుడు నా పని. పెనిమిటి పోయినంక ఆయన మిషన్ మీద నేను కూసున్న. ఆడమనిషి కుట్టిన సీటు మీద మేం కూసుంటమా అన్నోళ్లే ఇప్పుడు బండి స్టాండేసి, నేను చాయ తాగెదాక నిలవడి ఉంటరు. నలభై దాటెదాక నాకు అక్షరం రాదు. సీటు వెనక పేరు కుట్టమని చీటీ ఇస్తే దాన్ని బొమ్మ లెక్క చూసి కుడుతుంటి. ఒక్కసారి చీటీ తలకిందులు పట్టుకొని కుట్టిన. ఆ బండాయన వారం దినాలు అట్లనే తిరిగిండు, ఎవరో సిగ్నల్ కాడ నవ్వితే తెలిసిందట. ఇగ అప్పుడు మా ప్రార్థన మందిరంల ఆడోళ్లకు శనివారం చెప్పే చదువుకు పోయిన. పలక పట్టుకొని అమీర్‌పేట రోడ్డు దాటుతుంటే నా బిడ్డ నాకు పది అడుగులు దూరం నడుస్తుండె. నాకు సిగ్గు లేకుండె.

సీటు సంగతి ఒక్కటి చెప్పాలె, లేకుంటే మిగిలింది అర్థం కాదు. సీటుకు పైన రెక్జిన్ ఎంత మంచిదైనా, దాని బతుకు లోపల ఫోమ్ కూరుట్లనే ఉంటది. ముక్కకు ముక్కకు నడుమ సందు ఉన్నదా, ఆర్నెల్లకు సీటు దిగవడతది. నేను కూరినదాంట్ల సూది మోపెంత సందు సుత ఉండదు. ఆ మాట మీదనే నా దుకాణం నడిచింది.

పిల్ల ఆ దుకాణంలనే పెరిగింది. వాళ్లమ్మ, అంటే నా బిడ్డ, నర్సు. ఎముకల వార్డుల పని. అల్లుడు నోట్లె నాలుక లేని మనిషి, నా బిడ్డ మాటనే ఆయన మాట. అమ్మ డ్యూటీల ఉంటే పిల్ల బడి నుంచి నా తానికే వస్తుండె. బొమ్మల తోటి ఆడలేదు. కుట్టుకు వచ్చిన బండ్ల మీద ఎక్కి కూసునేది. ఎనిమిదో తరగతిల కండ్లు మూసుకొని, చప్పుడు విని ఏ బండో చెప్పేది. డిగ్రీ అయ్యేసరికి మట్టి ట్రాకుల మీద పడి లేచి, పడి లేచి, చిన్న చిన్న షోలు చేసుడు మొదలువెట్టింది. మాల్ ఓపెనింగులు, కాలేజీ పండుగలు. మైకుల మాట్లాడెటాయన ఊకె "ఈ తమ్మునికి గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి" అంటుండె.

ఒక కాలేజీల షో పెట్టినాయన మా దుకాణం కాడికే వచ్చి ముచ్చట పెట్టిండు.

"మేడమ్, దిగినంక హెల్మెట్ తీసి జుట్టు ఇట్ల ఇదిలించాలె. ఆడపిల్ల అని పబ్లిక్‌కు తెల్వాలె గద."

"దుంకినప్పుడు తెల్వనిది జుట్టు ఇదిలిస్తే తెలుస్తదా అన్న?" అన్నది పిల్ల.

"గది మార్కెటింగ్ మేడమ్, జర అర్థం చేసుకోండ్రి."

తెల్లారి పోయి చెవుల మీదికి కత్తిరిచ్చుకొని వచ్చింది. నా బిడ్డ ఆ జుట్టు కోసం రెండు దినాలు ఏడ్చింది. నేను ఏడవలేదు. హెల్మెట్ లోపలి మెత్త జర మందంగ కుట్టి ఇచ్చిన, జుట్టు పోయినంక వదులైంది కాబట్టి.

ఇగ పెద్ద షోలకు పిలవాలంటే వెనక్కి పల్టీ రావాలె. బండితోని గాల్ల గిర్రున తిరిగి దిగుడు. దాన్ని నేల మీద నేర్చుకుంటే మనిషి మిగలదు. ముందు ఫోమ్ ముక్కలు నింపిన పెద్ద గుంటల పడి నేర్చుకోవాలె. అసొంటిది ఆమెకు అందేదగ్గర ఎక్కడ లేదు.

"అమ్మమ్మ, ఫోమ్ కావాలె," అన్నది.

"ఎంత, ఒక సీటుకా?"

"ఒక ఇల్లంత."

ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లల్ల తిరిగిన. కోచింగ్ పిల్లలు పండి పండి అప్పడం లెక్క అయిన పరుపులు మేడల మీద గుట్టలు పడి ఉంటయి. "తీస్కపోండి ఆంటీ, మాకు పీడ పోతది" అన్నరు వార్డెన్లు. పరుపులతోని నల్లులు సుత వచ్చినయి. నగరం అవతల మూతవడ్డ కోళ్లఫారం వెనక జాగ దొరికింది. అక్కడ గుంట తవ్విచ్చి, చుట్టూ చెక్కలు కొట్టిచ్చి, ముందట ఇనుప ర్యాంప్ పెట్టిచ్చింది పిల్ల. పరుపులను ఎండకేసి, నల్లులు చచ్చినంక, ఇద్దరం కూసొని ముక్కలు కోసినం. మూరెడు మూరెడు ముక్కలు. నా చేతి కత్తెర పుండు ఇంక మానలేదు.

ఆమె ఫోన్ల నాకు వేరే దేశాల గుంటలు చూపిచ్చింది. ముక్కలు అడ్డదిడ్డంగ, ఒకదాని మీద ఒకటి, చెత్తకుప్ప ఒలకవోసినట్టు.

"ఎవలు సర్దిండ్రు దీన్ని? వాళ్లకు చేతులు లేవా?" అన్న.

"అట్లనే ఉంటది అమ్మమ్మ."

"నా చేతిలవడ్డంక అట్ల ఉండదు."

నవ్వి ఊకున్నది. ఆమెకు ఆ వారం బయట షో ఉండె, పోయింది. నేను మూడు దినాలు దుకాణం బందు పెట్టి గుంట నింపిన. మేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు వరుస మీద వరుస పేర్చిన. రెండు ముక్కల నడుమ సందు మీద పై వరుస ముక్క నడిమిట్ల వచ్చేటట్టు. ఒక్కో వరుస మీద ఎక్కి తొక్కిన. సందు కనబడ్డకాడ సన్న ముక్క కోసి దూర్చిన. మూడో దినం మాపటికి పైభాగం ఎంత సాపుగ అయిందంటే, గోలీ పెడితే కదలదు. నా బతుకుల అంత మంచి పని చెయ్యలేదనుకున్న.

పిల్ల వచ్చి చూసి "పరుపుల షోరూమ్ లెక్క చేసినవ్ గద" అని ఫోటో తీసుకున్నది. గట్టిగున్నదా మెత్తగున్నదా అని అడగలేదు. నేను కూరినదాన్ని అడిగెటోళ్లు ఎవరు ఉన్నరు?

పొద్దుగాల ఎక్కింది. బండి ర్యాంప్ మీదికెళ్లి లేచింది, వెనక్కి తిరుగుడు మొదలైంది. సగం తిరిగినంక ఆమె బండిని ఇడిచిపెట్టింది. గుంటల పడ్డంక ఫికర్ లేదని. బండి ముందుగాల పడ్డది. పడి లోపలికి పోలేదు. పైకి ఎగిరింది. పక్కన పడుతున్న పిల్ల భుజానికి హ్యాండిల్ వచ్చి తాకింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు అయింది. దూరం నిలవడ్డ నాకు సుత ఇనవడ్డది.

ఆ దినం నా బిడ్డకు డ్యూటీ. తన వార్డుల, తన చేతులతోనే, తన బిడ్డను మంచం మీదికి ఎక్కిచ్చుకున్నది. ఆపరేషన్ చేసి ప్లేట్ వేసిండ్రు. బయటికొచ్చి బండి తాళంచెవి తన సంచిల ఏసుకొని "అయిపోయింది" అన్నది. అరవలేదు. ఆమె అరిస్తే నాకు బాగుండు.

పిల్లనేమో తనదే తప్పనుకున్నది. "తొందరగ ఇడిచిన అమ్మమ్మ, ఇంకో పావు చుట్టు పట్టుకొని ఉండాల్సింది" అనుకుంట పండుకున్నది. మా సంఘం పాస్టర్ అయ్యగారు దవాఖానకు వచ్చి ప్రార్థన చేసిండు. కోస్తా దిక్కు మనిషి, మెత్తగ మాట్లాడుతడు. "ఇది హెచ్చరిక అనుకోండమ్మా, ప్రాణం దక్కింది, అదే కృప" అన్నడు. నేను ఆమేన్ అన్న.

వారానికి నా బిడ్డ "ఆ ఫోమ్ ఎవలకన్న ఇచ్చెయ్, నా కండ్లకు కనబడొద్దు" అన్నది. పోయిన. మొదటి ముక్క పట్టుకొని గుంజితే రాలేదు. రెండు చేతులతోని గుంజిన, రాలేదు. గడ్డపార పెట్టి లేపాల్సి వచ్చింది. అక్కడ సగం సంచి ఇసుక ఉంటే అంచు మీదికెళ్లి లోపలికి దొబ్బిన. అది పడి, జర ఎగిరి, దొర్లుకుంట పోయి చెక్కకు తాకి ఆగింది. మునగాల్సిన గుంట. మనిషిని, బండిని మింగి మెల్లగ పట్టుకోవాల్సిన గుంట. ముక్కల నడుమ గాలి ఉంటేనే అది మింగుతది. ఆ గాలినంత నేను మూడు దినాలు తొక్కి తొక్కి బయటికి పంపిన. నేను దాన్ని సీటు చేసిన.

అంటే పిల్ల పల్టీ తప్పు కొట్టలేదు. ఆ మాట ఒక్కటి చెప్తే ఆమె లేచి కూసుంటది. రెండు ఆదివారాలు చెప్పలేదు. మొఖం మీద చెప్పే మనిషినని అందరు అంటరు నన్ను. ఎదుటోళ్ల తప్పు మొఖం మీద చెప్పుడు అల్కటి పని.

మా సంఘంల ఒక రివాజు ఉంది. గండం నుంచి బయటవడ్డోళ్లు ముందుకొచ్చి సాక్ష్యం చెప్తరు. నా బిడ్డ అయ్యగారికి పేరు ఇచ్చి వచ్చింది. పిల్ల ఏం చెప్పాలెనో కాయితం మీద తనే రాసింది. దేవుడు నన్ను కాపాడిండు, ఇగ బండి ఎక్కను, ఇది ఆయన ముందట నా ఒట్టు అని. మా దగ్గర ఆ మైకుల చెప్పిన మాటను మళ్లా వాపస్ తీసుకునుడు ఉండదు. సంఘం అంత సాక్షి. పిల్ల ఆ కాయితం చదివితే, ఆమె పని అక్కడికి సరి. అది నాకు ఎరుకే.

ఆమె చెయ్యి మెడకు కట్టుకొని మైకు కాడికి పోయింది. కాయితం ఇప్పింది. నేను ఆడోళ్ల దిక్కుకెళ్లి లేచిన.

"అయ్యగారు, ఆ కాయితం చదవకముందు నాది ఒక సాక్ష్యం ఉంది."

"మీది తర్వాత విందామండీ అమ్మగారూ, కాస్త కూర్చోండి."

"తర్వాతయితే అబద్ధం ముందు పోతది."

పక్కనున్న ఆమె నా కొంగు పట్టి గుంజింది. నేను ఇడిపిచ్చుకొని ఉన్నది ఉన్నట్టు చెప్పిన. పరుపులు, వరుసలు, తొక్కుడు, ఇసుక సంచి. "పిల్ల మంచిగనే దుంకింది. నేను గుంట ఖరాబు చేసిన. హెచ్చరిక వస్తే నాకు రావాలె, ఆమెకు కాదు," అన్న.

అయ్యగారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "మీరు ఒప్పుకోవడం మంచిదేనండీ. కానీ అంత ఎత్తు నుంచి దూకడం అంటే దేవుణ్ణి పరీక్షించడం కాదంటారా?"

"అయ్యగారు, మన మందిరం మీది సిలువకు ఏటేటా రంగెవరేస్తరు? ఆయన నడుముకు తాడు కట్టుకొని ఎక్కుతడు. దేవుణ్ణి పరీక్షిస్తుండని మీరు ఎన్నడన్న అన్నరా? చాయ పంపిస్తరు. తాడు మంచిదైతే అది పని. ఈ పిల్ల తాడు నేను తెంపిన."

వెనక ఎవరో నవ్వి మళ్లా దగ్గినట్టు చేసిండ్రు. అయ్యగారు పిల్ల దిక్కు తిరిగి "నువ్వేమంటావమ్మా?" అన్నడు.

పిల్ల నన్ను చూసింది. ఆ చూపు నాకు మంచిగ అనిపియ్యలే. ఇన్ని దినాలు తనను తాను తిట్టుకున్న లెక్కంత అండ్ల ఉండె. కాయితం ఒక్క చేత్తోని మడిచి జేబుల పెట్టుకొని మైకుల చెప్పింది. "దేవునికి వందనాలు. డాక్టర్‌కు వందనాలు. భుజం అతికినంక నేను మళ్లా ఎక్కుత."

నా బిడ్డ లేచి బయటికి పోయింది.

మెట్రో కింద నడుచుకుంట పోతుంటే దొరకవట్టిన. ఆమె ఆగలేదు, నేను ఉరికినట్టే నడిచిన.

"రెండు వారాలు ఎట్ల దాసినవ్ అమ్మా?"

"సిగ్గయింది."

"పలక పట్టుకొని పోతుంటే సిగ్గు లేకుండె గద నీకు."

"అక్షరం రాదంటే నాకేం సిగ్గు. పని రాదంటే సిగ్గు."

ఆగింది. పక్కకెళ్లి ఆటోలు, బస్సులు, కోచింగ్ కాయితాలు పంచెటోళ్లు. "నేను దినాం చూస్తనే ఉంట. ఇరవై ఏండ్లోళ్లు, కాళ్లకు రాడ్లు. వాళ్ల అమ్మలు నన్నే అడుగుతరు, నడుస్తడా సిస్టర్ అని. నాకు తెల్వదని చెప్పలేక సెలైన్ సరిచేసినట్టు చేస్త. నా బిడ్డ పడ్డనాడు నన్ను నేను అడుక్కున్న ఆ మాట."

ఆమె మోచెయ్యి పట్టుకున్న. ఇడిపిచ్చుకున్నది.

"నీ గుంట మీద నీకు అంత నమ్మకం ఉంటే ముందు నువ్వు దుంకు," అన్నది.

"దుంకుత."

"ఎగతాళి చెయ్యకు."

"నువ్వు చేసినవ్. నేను చేస్తలేను."

మళ్లా దుకాణం బందు. ముక్కలన్నీ గడ్డపారతోని పెకిలిచ్చి బయటేసిన. మళ్లా నింపుతుంటే నా చేతులు మాట వినలేదు. ఒక ముక్క విసిరితే, పోయి దాన్ని పక్క ముక్కకు ఆనిచ్చి వస్తున్న. ఆఖరికి గుంటకు వీపు పెట్టి నిలవడి, చూడకుండ, భుజం మీదికెళ్లి వెనక్కి విసిరిన. రెండు దినాలు అదే పని. చూస్తే నాకే అసయ్యం అయింది. అప్పుడు సరిగున్నదని అర్థమైంది.

ముగ్గురం పోయినం. ర్యాంప్ పక్కన ఇనుప మెట్ల స్టాండు, నా ఎత్తుకు రెండింతలు ఉంటది. కొంగు నడుముకు చెక్కి ఎక్కిన.

"దిగు అమ్మా," అన్నది నా బిడ్డ.

"నువ్వే గద దుంకమన్నవ్."

"అంటే దుంకుతరా? నీ వయసెంత, నీ బొక్కలెంత?"

"అమ్మమ్మ, కాళ్లు ముందు పెట్టు, చేతులు ఎదమీద కట్టుకో," అన్నది పిల్ల. ఆమె ఆపలేదు.

దుంకిన. మెడదాక మునిగిన. నోట్లె హాస్టల్ పరుపు వాసన. ఎక్కడ తాకలేదు, ఎక్కడ గుద్దలేదు. బయటికి రావుడే కాలేదు. కాలు పెట్టినకాడల్ల లోపలికే పోతున్న. బండిని గుంజే తాడు వేసి నా బిడ్డ రెండు చేతులతోని, పిల్ల ఒక చేత్తోని గుంజిండ్రు. చెప్పు ఒకటి అండ్లనే ఉన్నది, ఇప్పటికి దొరకలే. నా బిడ్డ నన్ను కూసోవెట్టి, నర్సు చేతులతోని పక్కబొక్కలు, నడుము, మోకాళ్లు అన్ని ఒత్తి చూసింది.

"ఎక్కడన్న నొస్తున్నదా?"

"ఇజ్జత్ తప్ప ఏం నొస్తలేదు."

నవ్వలేదు. లేచి గుంట కాడికి పోయి, చెయ్యి భుజందాక లోపలికి దూర్చి, కొద్దిసేపు అట్లనే ఉంచింది. ఏం చూసిందో ఆమెకే ఎరుక.

తర్వాత నా దుకాణానికి కొంచెం దెబ్బ తగిలింది, అబద్ధమెందుకు. "అవ్వా, నీ సీటు మీద కూసుంటే ఎముకలు విరుగుతయంట గద" అంటరు పిల్లగాండ్లు. "కూసో, పల్టీ కొట్టకు" అంట. ఒప్పుకోకపోతే ఆ మాట రాకపోవు. అయినా ఇంకోసారి గట్లనే ఒప్పుకుంట.

భుజం అతికింది. డాక్టర్ సరే అన్నడు. నా బిడ్డ సరే అనలేదు, వద్దనుడు బందు చేసింది. తాళంచెవి తన సంచిలనే ఉంచుకొని తనే వస్త అన్నది. పోయిన శనివారం పొద్దుగాల గుంట చుట్టూ తిరిగి, నాలుగు మూలల చెయ్యి దూర్చి చూసింది. ఒక మూల కాడ ఆగింది.

"అమ్మా, ఇది నువ్వే గద సర్దింది?"

చూస్తే నిజమే. ఐదారు ముక్కలు ముద్దుగ, వరుసగ కూసున్నయి. ఎప్పుడు పెట్టిన్నో నాకు యాదికి లేదు.

"చెయ్యి ఊకుంటలేదు," అన్న.

"చేతులు కట్టుకొని గా చెట్టు కింద నిలవడు. కదిలినవా చూడు." ఆ ముక్కలు పీకి నడిమిట్లకు విసిరేసి, తాళంచెవి తీసి పిల్లకు ఇచ్చింది.

బండి ఎక్కింది. లేచింది. వెనక్కి తిరిగింది, పూర్తిగ తిరిగింది, ఈసారి ఆఖరిదాక ఇడవలేదు. బండి, పిల్ల ఇద్దరు కలిసి చప్పుడు లేకుండ మునిగిండ్రు. నా బిడ్డ కండ్లు మూసుకోలేదు, నేను చూసిన. ముక్కలు కదిలినయి, హెల్మెట్ పైకొచ్చింది.

"భుజం తిప్పు," అన్నది నా బిడ్డ. పిల్ల తిప్పింది. "పైకెత్తు." ఎత్తింది. "ఇటు దిక్కు." తిప్పింది.

నా బిడ్డ తాడు అందుకొని నా దిక్కు చూసింది. "ఇగ చేతులు ఇప్పు, వచ్చి పట్టు. ఎండ ముదరక ముందే ఇంకోటి కొట్టనిద్దం."